ఒక విభజనకు ఒకే నకలు

(యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం: హైదరాబాద్ పాతబస్తీలో చేసిన ప్రసంగ పాఠం)



సుబ్బారావు గారి పేరుతో ప్రసంగం అనగానే వైద్యుణ్ణో, మందుల పరిశోధకుణ్ణో పిలవాలని ఎవరికైనా తోస్తుంది. మీరు వృక్షశాస్త్రం పాఠాలు చెప్పుకునేవాణ్ణి పిలిచారు. మొక్కల కణాల్లో డీఎన్‌ఏ నకలు ఎప్పుడు మొదలవుతుంది, ఎన్నిసార్లు జరుగుతుంది, ఎవరు ఆపుతారు అన్నది నా అంశం. ఈ అంశానికీ ఆయనకూ ఉన్న సంబంధం పైకి కనిపించదు కాబట్టి ముందుగా ఆ ముడి విప్పుతాను.

1895లో భీమవరంలో పుట్టిన సుబ్బారావు గారు మద్రాసులో వైద్యం చదివి 1923లో అమెరికా చేరారు. 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. జీవరసాయనశాస్త్ర ప్రయోగశాలల్లో అది తరాల తరబడి వాడుకలో ఉంది. కండరాల్లో శక్తికి సంబంధించిన భాస్వర పదార్థాల అన్వేషణ ఆ తర్వాతది. 1940లో లెడర్లీ లేబరేటరీస్‌కు మారాక ఆయన నడిపిన బృందం 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆయన అన్నదమ్ముల్లో ఇద్దరిని బలిగొన్న స్ప్రూ అనే పేగు వ్యాధికి కూడా అది పనికొచ్చే మందు. అదే అణువును కొద్దిగా మార్చి ఆ బృందం అమినోప్టెరిన్‌ను తయారుచేసింది. 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చి, జబ్బు కొంతకాలమైనా వెనక్కి తగ్గడం చూశారు. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌ను ఈ ఊళ్ళో ఈరోజు కూడా డాక్టర్లు రాస్తున్నారు. ఆ 1948 ఆగస్టులోనే, 53 ఏళ్ళకే, సుబ్బారావు గారు కన్నుమూశారు.

ఫోలిక్ ఆమ్లం కణంలో చేసే పనేమిటి? డీఎన్‌ఏలో నాలుగు రకాల క్షారాలున్నాయి. వాటిలో ఒకటైన థైమిన్ ఉన్న ముక్క తయారు కావాలంటే ఫోలేట్ సాయం కావాలి. ఫోలేట్ తగ్గితే డీఎన్‌ఏ నకలు నడిమధ్యలో ఆగుతుంది. ఎముక మజ్జలో ఎర్రకణాలు కాబోయే కణాలు పెరుగుతూనే ఉంటాయి గాని నకలు పూర్తికాక విభజన చెందలేవు. అందుకే ఫోలేట్ కొరతతో వచ్చే రక్తహీనతలో కణాలు అసాధారణంగా పెద్దవిగా కనిపిస్తాయి. అమినోప్టెరిన్ ఆ కొరతనే కావాలని సృష్టిస్తుంది. అంటే ఆయన ఇచ్చిన రెండు మందుల్లో ఒకటి నకలు పనికి సరుకు అందిస్తుంది, రెండోది ఆ సరుకును ఆపేస్తుంది.

మనిషి శరీరం ఫోలేట్‌ను తయారుచేసుకోలేదు. మొక్క చేసుకుంటుంది. మీరాలం మండీలో పొద్దున్నే దిగే పాలకూర, తోటకూర కట్టల నుంచీ, పప్పుల నుంచీ మనం తెచ్చుకునేది ఆ ఫోలేట్‌నే. కాబట్టి నేను దారి తప్పి ఈ వేదిక ఎక్కలేదు.

సరుకు గురించి చాలామంది చెప్పారు. నేను మాట్లాడేది అనుమతి గురించి. డీఎన్‌ఏను నకలు తీయడం కణానికి పెద్ద పనే. ఒకసారి తీశాక మళ్ళీ తీయకుండా ఉండడం అంతకన్నా పెద్ద పని. ఆ నియమాన్ని పాటించడంలో మొక్క ఎంత కచ్చితమో, ఎక్కడ సడలించాలో ఎరగడంలో అంత నేర్పరి. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఇంతే.

చిక్కుడు వేరు చెప్పిన సంగతి

ఇంటర్మీడియట్ చదివిన ప్రతివాళ్ళూ ఉల్లి వేరు కొనను రంగులో ముంచి, గాజుపలక మీద నలిపి, మైక్రోస్కోపు కింద చూసినవాళ్ళే. కనిపించిన క్రోమోజోములను బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నాం. ఉల్లి కణంలో 16 క్రోమోజోములుంటాయి. ఒక్క జట్టులో, అంటే 8 క్రోమోజోముల్లో, దాదాపు 1600 కోట్ల అక్షరాల పొడవున్న డీఎన్‌ఏ ఉంది. మనిషిది అదే లెక్కన 300 కోట్ల పైచిలుకు. కూరలో వేసే ఉల్లి మనకన్నా అయిదు రెట్లు ఎక్కువ రాతను మోస్తూ, విభజన చెందే ప్రతిసారీ దాన్నంతా తిరగరాస్తుంది.

ఆ తిరగరాత ఎప్పుడు జరుగుతుందో 1950ల దాకా స్పష్టంగా తెలియదు. క్రోమోజోములు కంటికి కనిపించే కాసేపే కణం పనిచేస్తుందనీ, మిగతా కాలం విశ్రాంతి అనీ పుస్తకాల్లో రాసేవారు. లండన్‌లోని హ్యామర్‌స్మిత్ ఆసుపత్రిలో ఆల్మా హోవర్డ్, స్టీఫెన్ పెల్క్ అనే ఇద్దరు ఆ మాటను మార్చారు. వారు ఎంచుకున్నది విసియా ఫాబా అనే చిక్కుడు రకం మొలకల వేళ్ళు. సుబ్బారావు గారు రక్తంలో కొలిచిన భాస్వరమే డీఎన్‌ఏ పోగుకు వెన్ను. వేళ్ళకు రేడియోధార్మిక భాస్వరం ఇచ్చి, ఏ కణం ఏ వేళకు దాన్ని డీఎన్‌ఏలో చేర్చుకుంటుందో ఫొటో పొర మీద నమోదు చేశారు. విభజన ముగిశాక కొంత విరామం, తర్వాత నకలు, తర్వాత మరో విరామం, ఆ తర్వాత విభజన. 1953లో వారు ప్రకటించిన ఈ నాలుగు దశలనే మనం జీ1, ఎస్, జీ2, ఎం అంటున్నాం. విశ్రాంతి అనుకున్న కాలంలోనే అసలు పని జరుగుతోంది.

నాలుగేళ్ళకు, 1957లో, హెర్బర్ట్ టేలర్ బృందం అదే చిక్కుడు వేళ్ళకు రేడియోధార్మిక థైమిడిన్ ఇచ్చింది. ఫోలేట్ సాయంతో తయారయ్యే ముక్క ఇదే. మొదటి విభజనలో క్రోమోజోము జంట భాగాలు రెండింటిలోనూ గుర్తు కనిపించింది. గుర్తులేని ద్రవంలో రెండోసారి విభజన జరిగాక జంటలో ఒకదానిలోనే మిగిలింది. పాత పోగు చెరగకుండా ఉండి, దాని పక్కన కొత్త పోగు అల్లుకుంటుందని క్రోమోజోమ్ స్థాయిలో రుజువైంది. మెసెల్సన్, స్టాల్ బాక్టీరియాలో చేసిన ప్రసిద్ధ ప్రయోగం ఆ మరుసటి ఏడాదిది.

ఈ వరసలో తర్వాతి పేరు తెలుగువారిది. పోతు నరసింహారావు గారు కెంటకీ విశ్వవిద్యాలయంలో పొగాకు జాతుల సంకరాల మీద, వాటి క్రోమోజోముల మీద పనిచేసి, తర్వాత మనిషి కణాల వైపు మళ్ళారు. డెన్వర్‌లోని కొలరాడో వైద్య కేంద్రంలో రాబర్ట్ జాన్సన్‌తో కలిసి చేసిన ప్రయోగాలు 1970లో నేచర్ పత్రికలో వచ్చాయి. శాస్త్రలోకం దీన్ని రావ్, జాన్సన్ ప్రయోగం అంటుంది. మన పిల్లల్లో ఆ రావ్ ఎవరో ఎరిగినవారు తక్కువ.

ఆయన చేసింది వినడానికి చాలా సాదాగా ఉంటుంది. వేర్వేరు దశల్లో ఉన్న రెండు కణాలను, శక్తి చంపిన సెండాయ్ వైరస్ సాయంతో ఒకటిగా కలిపారు. ఇప్పుడు ఒకే కణద్రవ్యంలో రెండు కేంద్రకాలు. నకలు తీస్తున్న కణాన్ని ఇంకా నకలు మొదలుపెట్టని కణంతో కలిపితే, ఆ రెండో కేంద్రకం తన వేళ రాకముందే నకలు మొదలుపెట్టింది. అంటే నకలు తీస్తున్న కణద్రవ్యంలో ‘మొదలుపెట్టు’ అని చెప్పే పదార్థమేదో ఉంది. నకలు తీస్తున్న కణాన్ని ఈసారి అప్పటికే నకలు ముగించిన కణంతో కలిపారు. ద్రవ్యం అదే, ఆజ్ఞ అదే. ముగించిన కేంద్రకం మాత్రం రెండోసారి మొదలుపెట్టలేదు.

ఈ రెండో ఫలితమే నాకు గొప్పగా అనిపిస్తుంది. ఆజ్ఞ చుట్టూ ఉన్నా కేంద్రకం దాన్ని పాటించలేదంటే, ఒకసారి నకలు తీసిన డీఎన్‌ఏ మీద ఆ సంగతి ఎక్కడో నమోదై ఉండాలి. అది ఏమిటో తేల్చడానికి తర్వాత చాలా ఏళ్ళు పట్టింది.

అనుమతి ఎలా ఇస్తారు, ఎలా రద్దు చేస్తారు

1988లో కేంబ్రిడ్జ్‌లో జూలియన్ బ్లో, రాన్ లాస్కీ కప్పగుడ్ల సారంతో పనిచేసి ఒక ప్రతిపాదన చేశారు. నకలు మొదలు కావాలంటే డీఎన్‌ఏకు ముందుగా ఒక లైసెన్సు దక్కాలి, నకలు జరుగుతూనే ఆ లైసెన్సు ఖర్చైపోతుంది, విభజన ముగిసేదాకా కొత్తది దొరకదు అన్నారు. రావ్, జాన్సన్ చూసిన మొండి కేంద్రకం దగ్గర లైసెన్సు ఖర్చైపోయిందన్నమాట.

ఇక్కడికి దగ్గర్లోనే ఛత్తా బజార్ ఉంది కాబట్టి ఆ వీధి భాషలోనే చెబుతాను. పెళ్ళికార్డు ప్రూఫు చూసి, తప్పులు దిద్ది, ‘అచ్చు వేయండి’ అని పెళ్ళివారు సంతకం పెడతారు. ఆ కాగితం చేతికొచ్చాకే మిషను తిరుగుతుంది. తిరగడం మొదలైన క్షణంలో యజమాని ఆ కాగితం చించేస్తాడు. మళ్ళీ వేయాలంటే మళ్ళీ సంతకం కావాలి. సంతకం పెట్టే వేళ, మిషను తిరిగే వేళ ఎన్నడూ ఒకటి కాకపోవడంలోనే భద్రత ఉంది.

కణంలో జరిగేది ఇదే. డీఎన్‌ఏ పొడవునా నకలు మొదలయ్యే చోట్లుంటాయి. అరబిడాప్సిస్ అనే చిన్న ఆవజాతి మొక్కలో మాడ్రిడ్‌కు చెందిన క్రిసాంతో గుటియెరెజ్ బృందం 2011లో అలాంటివి 1500 పైచిలుకు గుర్తించింది. విభజన చివరి నుంచి జీ1 దశ దాకా, ఒక్కో చోట ఓఆర్‌సీ అనే ప్రొటీన్ల గుంపు కూర్చుంటుంది. సీడీసీ6, సీడీటీ1 అనే మరో రెండు ప్రొటీన్లు వచ్చి చేరతాయి. ముగ్గురూ కలిసి ఎంసీఎం అనే ఆరు ముక్కల ఉంగరాన్ని డీఎన్‌ఏకు తొడుగుతారు. ఉంగరం తొడగడమే అనుమతి. తర్వాత సైక్లిన్ అనే ప్రొటీన్‌తో జతకట్టే కైనేజ్ ఎంజైములు పుంజుకుంటాయి. అప్పుడు ఉంగరం కదిలి జంట పోగులను విప్పుకుంటూ పోతుంది, వెనకే నకలు జరుగుతుంది. ఉంగరాన్ని కదిలించిన ఆ కైనేజ్ ఎంజైములే కొత్త ఉంగరం తొడగకుండా అడ్డుపడతాయి. అరబిడాప్సిస్‌లో అవి సీడీటీ1 మీద భాస్వరం గుర్తు పెడతాయి, గుర్తు పడిన ప్రొటీనును కణం నాశనం చేసేస్తుంది. మొదలుపెట్టమనే చేయే మళ్ళీ మొదలుకాకుండా చూస్తుంది. విభజన ముగిసి ఆ ఎంజైముల జోరు తగ్గాక గాని కొత్త అనుమతికి వీలుండదు.

1500 చోట్లూ ఒకేసారి మొదలు కావు. జన్యువులు దట్టంగా ఉన్న ప్రాంతాలు ముందుగా, చోటు మారే డీఎన్‌ఏ ముక్కలు పేరుకున్న ప్రాంతాలు ఆలస్యంగా నకలవుతాయి. అన్ని చోట్లా ముగిసిందని తేలేదాకా విభజనకు దారి తెరుచుకోదు.

ఈ ప్రొటీన్లలో చాలావాటికి మొక్కలోనూ మనలోనూ పోలికలున్నాయి. మొక్కకు, జంతువుకు ఉమ్మడి పూర్వీకుడు 150 కోట్ల ఏళ్ళకు పైగా వెనక ఉన్నాడు. అంటే ఈ నియమం చెట్లకన్నా, చేపలకన్నా పాతది.

మొక్క దేన్ని చూసి తలూపుతుంది

అనుమతి ఉంటే చాలదు, పని మొదలుపెట్టే నిర్ణయం వేరే ఉంది. జంతువు ఆకలేస్తే ఇంకోచోటికి పోగలదు. మొక్క ఉన్నచోటే ఉండి వెలుతురు, నీరు, చక్కెర ఎంత ఉన్నాయో చూసి నిర్ణయించుకోవాలి. అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో జాక్ వాన్‌టాఫ్ బఠానీ వేరు కొనలను చక్కెర లేని ద్రవంలో పెంచి చూశారు. కణాలు ఎక్కడబడితే అక్కడ ఆగలేదు. నకలుకు ముందు కొన్ని, నకలు ముగించి విభజనకు ముందు కొన్ని ఆగాయి. నకలు సగంలో ఉన్నది పూర్తిచేసుకుని మరీ ఆగింది. చక్కెర ఇస్తే మళ్ళీ కదిలాయి.

ఆ ఆగే చోట కాపలా ఉన్నది ఆర్‌బీఆర్ అనే ప్రొటీన్. నకలుకు కావలసిన జన్యువులను మేల్కొలిపే ఈ2ఎఫ్ అనే ప్రొటీన్లను అది పట్టి ఉంచుతుంది. చక్కెర అందితే, సైటోకైనిన్ హార్మోను చేరితే సైక్లిన్ డీ పెరుగుతుంది. అది తన కైనేజ్‌తో కలిసి ఆర్‌బీఆర్ పట్టు సడలిస్తుంది. ఈ2ఎఫ్ విడుదలవుతుంది, నకలు సరంజామా అంతా సిద్ధమవుతుంది. సైటోకైనిన్‌కూ సైక్లిన్ డీకీ ఉన్న ఈ లంకె 1999లో బయటపడింది. నీటి ఎద్దడిలో పెరిగే అబ్సిసిక్ ఆమ్లం దీనికి వ్యతిరేకంగా, కైనేజ్‌కు కళ్ళెం వేసే ప్రొటీన్లను పెంచుతుంది.

దీనికి సాటి ప్రొటీన్ ఆర్‌బీ పేరుతో మనలోనూ ఉంది. చిన్నపిల్లల కంట్లో వచ్చే రెటినోబ్లాస్టోమా అనే క్యాన్సర్‌లో చెడిపోయేది అదే. మొక్కలో అది ఉందని సూచించిన తొలి ఆధారాల్లో ఒకటి వైరస్ నుంచి వచ్చింది. గోధుమను గిడసబార్చే ఒక వైరస్ తయారుచేసే ప్రొటీన్, ఆర్‌బీని పట్టుకునే గుర్తును మోస్తోందని 1995లో గుటియెరెజ్ బృందం చూపింది. పట్టుకునేది ఉందంటే పట్టుబడేదీ మొక్కలో ఉండాలి. వెతికితే మొక్కజొన్నలో దొరికింది.

ఆ వైరస్ బంధువులు మన పొలాల్లో కొదవ లేకుండా ఉన్నాయి. బెండలో పల్లాకు తెగులు, టమాటా, మిరప ఆకులు ముడుచుకుపోయే తెగుళ్ళు తెల్లదోమ మోసుకొచ్చే జెమినీ వైరస్‌ల పని. వాటి డీఎన్‌ఏ ఒక్కో వలయం మూడు వేల అక్షరాల లోపే. సొంతంగా నకలు తీసే ఎంజైము కూడా వాటికి లేదు. పైగా అవి చేరేది విభజన మానేసిన ముదురు ఆకు కణాల్లోకి, అంటే నకలు సరంజామా మూటగట్టేసిన కణాల్లోకి. అయినా అవి పెరుగుతాయి. వాటి రెప్ అనే ప్రొటీన్ ఆర్‌బీఆర్‌ను పట్టుకుని ఈ2ఎఫ్‌ను వదిలిస్తుంది. మొక్క తన కోసం మూసుకున్న పనిని వైరస్ కోసం తెరుస్తుంది. గుడిమల్కాపూర్ మార్కెట్‌కు వచ్చే బెండకాయల్లో పసుపు తిరిగినవి కనిపిస్తే, అది మొక్క అనుమతిని దొంగిలించిన వైరస్ ముద్ర అని గుర్తుపెట్టుకోండి.

నియమం సడలే చోట్లు

ఒక నకలు, ఒక విభజన. ఇది మామూలు లెక్క. మొక్క ఈ లెక్కను రెండు విధాల మారుస్తుంది. మూడో విధం మనిషి చేర్చాడు.

మొదటిది పువ్వులో జరుగుతుంది. పుప్పొడి, అండం ఏర్పడే ముందు కణం ఒకసారి నకలు తీసి రెండుసార్లు విభజన చెందుతుంది. క్షయకరణ విభజన అని చదువుకున్నాం. రెండు విభజనల మధ్య నకలు జరగకూడదు. కైనేజ్ జోరు ఆ నడుమ పూర్తిగా పడిపోకుండా కణం జాగ్రత్తపడుతుంది, అందుకే కొత్త అనుమతి పుట్టదు.

ఈ విషయంలో ప్రపంచం చూపు మన ఊరి మీద పడింది. హబ్సిగూడ దగ్గరి సీసీఎంబీ పరిశోధన సంస్థలో ఇమ్రాన్ సిద్దీఖీ గారి బృందం అరబిడాప్సిస్‌లో డయాడ్ అనే జన్యువును గుర్తించింది. అది చెడితే స్త్రీబీజం తయారయ్యేచోట రెండు విభజనలకు బదులు ఒక్కటే, అదీ మామూలు కణవిభజనలా జరుగుతుంది. సంఖ్య సగం కాకుండా, తల్లి జన్యువుల మొత్తం కూర్పు అలాగే ఉన్న అండం అరుదుగానైనా ఏర్పడుతుంది. మారుతాచలం రవి, మోహన్ మారిముత్తు, సిద్దీఖీ గార్లు దీన్ని 2008లో నేచర్‌లో ప్రకటించారు. 2011లో సైన్స్ పత్రికలో వచ్చిన పనిలో, అలాంటి అండాన్ని తండ్రి వైపు క్రోమోజోములు రాలిపోయే మరో మొక్కతో కలిపి, తల్లికి అచ్చమైన నకలుగా ఉండే విత్తనాలు సాధించారు. ఆ ఏడాది సిద్దీఖీ గారికి ఇన్ఫోసిస్ బహుమతి వచ్చింది. వేరే జన్యువులతో ఇదే బాటలో కాలిఫోర్నియాలో ఇంతియాజ్ ఖాందే, వెంకటేశన్ సుందరేశన్ బృందం వరిలో విత్తనం ద్వారానే తల్లి నకళ్ళు తీసి చూపింది.

సంకర విత్తనం కొనే రైతుకు దీని విలువ వేరే చెప్పనక్కర్లేదు. సంకర పంట గింజలను దాచి మళ్ళీ విత్తితే గుణాలు చెదిరిపోతాయి, అందుకే ఏటా కొనాలి. చెదరగొట్టేది క్షయకరణ విభజన. దాన్ని దాటవేయగలిగితే సంకర గుణం ఏడాది తర్వాత ఏడాది నిలుస్తుంది. పొలానికి చేరడానికి ఇంకా పని ఉంది గాని, దారిలో ఒక మలుపు ఈ నగరంలోనే పడింది.

రెండో సడలింపు మనం రోజూ తింటున్నాం. నకళ్ళు అనేకం, విభజన సున్నా. టమాటా కాయ పెరిగేటప్పుడు మొదట కణాల సంఖ్య పెరుగుతుంది, తర్వాత విభజన ఆగిపోయి కణాల పరిమాణం పెరుగుతుంది. ఆ పెరిగే కణాల్లో డీఎన్‌ఏ నకలు మాత్రం ఆగదు. 4, 8, 16 అలా రెట్టింపవుతూ గుజ్జు కణంలో జీనోముకు 256 ప్రతుల దాకా చేరగలదు, కొన్ని రకాల్లో 512 దాకా. కంటితో చూడగలిగేంత పెద్ద కణాలవి. మొక్కజొన్న గింజలో పిండి నిల్వచేసే కణాలు కూడా ఇలాగే 96 ప్రతులకు, ఒక్కోసారి ఇంకా పైకి పోతాయి. అరబిడాప్సిస్ ఆకు మీది నూగు ఒక్కటే కణం, మామూలుగా 32 ప్రతులు.

ఇది అనుమతి చెడిపోవడం కాదని గమనించండి. ప్రతి నకలుకూ కొత్తగా లైసెన్సు తీసుకుంటూనే ఉంటుంది. విభజన జరిపించే సైక్లిన్లను సీసీఎస్52 అనే ప్రొటీన్ నాశనం చేయిస్తుంది, సయామీస్ అనే ప్రొటీన్ కైనేజ్‌ను అణచి ఉంచుతుంది. కైనేజ్ జోరు విభజనకు చాలనంత తక్కువలో పైకీ కిందికీ ఊగుతుంది. కింద ఉన్నప్పుడు అనుమతి, పైకి లేచినప్పుడు నకలు. నియమం అలాగే ఉంది, విభజన ఒక్కటే జాబితాలోంచి తీసేశారు. సయామీస్ చెడిన మొక్కలో ఒక్క కణం నూగు కాస్తా పలు కణాలుగా విడిపోతుంది. విభజనను ఆపుతున్నది ఆ ప్రొటీనే అనడానికి ఇంతకన్నా రుజువు వద్దు. విభజనకు కొత్త గోడలు కట్టాలి, సమయం పడుతుంది. త్వరగా పెద్ద కణం కావాలంటే నకళ్ళు పెంచుకోవడం మొక్కకు చౌక.

డీఎన్‌ఏకు దెబ్బ తగిలినప్పుడు కూడా మొక్క ఈ దారే పడుతుంది. మనలో దెబ్బతిన్న కణాన్ని ఆపే పీ53 అనే ప్రొటీన్ మొక్కలో లేదు. ఆ బాధ్యత ఎస్ఓజీ1 అనే వేరే ప్రొటీన్ మోస్తుంది. మూలకణాలైతే చనిపోనిస్తుంది. కొన్ని కణాలను విభజన మాన్పించి, నకళ్ళు పెంచుకునే దారికి మళ్ళిస్తుంది. దెబ్బతిన్న రాత కూతురు కణాలకు చేరదు, కణం మాత్రం ఆకులోనో వేరులోనో పనిచేస్తూ ఉంటుంది.

మూడో లెక్క మనిషిది. చార్మినార్ పక్కన నిజామియా యునానీ ఆసుపత్రి ఉంది. కీళ్ళనొప్పికి యునానీ హకీములు వాడే మందుల్లో సురంజాన్ పాతది. ఆ జాతి దుంపల్లోనూ, మన అడవినాభిలోనూ ఉండే కాల్చిసిన్ అనే పదార్థం విభజన వేళ క్రోమోజోములను చెరో వైపు లాగే పోగులను కట్టనివ్వదు. నకలు జరిగింది, విడిపోవడం జరగలేదు, ఒక్క కణంలోనే రెట్టింపు మిగిలింది. 1937లో అమెరికాలో బ్లేక్స్‌లీ, ఎవరీ ఈ మార్గాన మొక్కల క్రోమోజోములను రెట్టింపు చేశారు. జపాన్‌లో కిహారా ఈ దారినే నడిచి గింజలేని పుచ్చకాయను సాధించారు. రంజాన్ రోజుల్లో మన వీధుల్లో కోసి పెట్టే పుచ్చకాయల్లో గింజలేనివి ఎదురైతే, వాటి వంశంలో ఒక తరం దగ్గర ఆగిపోయిన విభజన ఉంది.

చింతచెట్టు లెక్క

నియమం సడలే చోట్లన్నీ ఇక పిల్లలు కనని కణాలో, పువ్వులోని ప్రత్యేక కణాలో. కొమ్మ కొనలో, వేరు కొనలో ఉండే విభాజ్య కణాల దగ్గర మాత్రం మొక్క పట్టు సడలించదు. ఎందుకో చెప్పడానికి మూసీ అవతలి ఒడ్డుకు వెళ్దాం. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తినప్పుడు అఫ్జల్‌గంజ్‌లోని ఒక చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది బతికారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న ఆ చెట్టు ఇప్పటికీ చిగురిస్తూనే ఉంది.

చాలా జంతువుల్లో వీర్యానికి, అండానికి వేరే కణవంశం పిండదశలోనే పక్కకు విడిపోతుంది. చెట్టుకు అలాంటి ఏర్పాటు ఉన్నట్టు కనిపించదు. ఈ ఏడాది పూసే చింతపువ్వు అండం, వందేళ్ళకు పైగా విభజన చెందుతూ వచ్చిన కొమ్మకొన కణాల నుంచే పుట్టాలి. ప్రతి విభజనలో నకలు తప్పులు కొన్ని చేరినా ఇన్నేళ్ళకు గింజ మొలవకుండా పోవాలి. స్విట్జర్లాండ్‌లోని లాసాన్ శాస్త్రవేత్తలు 2017లో 234 ఏళ్ళ ఓక్ చెట్టు దూరపు కొమ్మల డీఎన్‌ఏను పోల్చి చూశారు. జీనోము మొత్తంలో వారు నిర్ధారించిన ఒక్క అక్షరం మార్పులు 17. కొన మధ్యలోని మూలకణాలు చాలా అరుదుగా విభజన చెందడం, పక్కకొమ్మల మొగ్గలకు కావలసిన కణాలు కొద్ది విభజనల్లోనే ఏర్పడిపోవడం దీనికి కారణాలని ఇతర పరిశోధనలు సూచిస్తున్నాయి. తప్పు లేకుండా రాయడానికి మొక్క నమ్ముకున్న ఉపాయాల్లో మొదటిది తక్కువసార్లు రాయడం.

సరుకు నుంచి అనుమతికి

ఇప్పుడు మళ్ళీ సుబ్బారావు గారి పనికి వస్తాను. అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ నకలుకు సరుకు ఆపుతాయి. నకలు తీస్తున్న కణం ఏదైనా సరే, క్యాన్సర్‌దైనా, పేగు గోడదైనా, జుట్టు కుదుళ్ళదైనా దెబ్బతింటుంది. ఆ మందు వాడినవాళ్ళకు ఆ బాధ తెలుసు. 1948లో కణం లోపలి అనుమతి వ్యవస్థ గురించి ఎవరికీ తెలియదు, సరుకు దారి ఒక్కటే కనిపించింది. దాన్ని పట్టుకోవడమే ఆనాటికి అద్భుతం.

2015లో అమెరికాలో రొమ్ము క్యాన్సర్‌కు పాల్బోసిక్లిబ్ అనే మందుకు అనుమతి దొరికింది. అది సైక్లిన్ డీతో జతకట్టే కైనేజ్‌ను ఆపుతుంది. ఆర్‌బీ పట్టు సడలదు, ఈ2ఎఫ్ విడుదల కాదు, కణం నకలు మొదలుపెట్టదు. బఠానీ వేరు చక్కెర కోసం ఎదురుచూస్తూ ఆగే చోటు దగ్గరే ఈ మందు క్యాన్సర్ కణాన్ని ఆపుతోంది. దీనికీ దుష్ఫలితాలు లేకపోలేదు. అయినా వైద్యం సరుకు ఆపే చోటు నుంచి నిర్ణయం ఆపే చోటికి జరిగింది.

ఈ రెండు మందుల మధ్యకాలంలో దారి వేసినవారిని ఒకసారి లెక్కపెట్టండి. చిక్కుడు వేళ్ళలో దశలు కనిపెట్టినవారు, పొగాకు సంకరాలతో క్రోమోజోములు నేర్చుకున్న తెలుగువారు, బఠానీకి చక్కెర మాన్పించినవారు, కప్పగుడ్లు చిదిమినవారు. కప్పగుడ్ల వరకు వదిలేస్తే మిగతావారంతా మొక్కల దగ్గర పాఠాలు నేర్చినవారే. ఈ సభలో ఇంటర్ బైపీసీ పిల్లలు చాలామంది ఉన్నారు. వృక్షశాస్త్రం అంటే నీట్‌లో 45 ప్రశ్నలు, సీటు రాకపోతే మిగిలే చదువు అని ఇళ్ళలో అనుకుంటున్నారు. రోగికి పనికొచ్చే ఆలోచన రోగి పక్కనే పుట్టాలని లేదని పై జాబితా చెబుతోంది.

ఉపాధ్యాయులకు ఒక మనవి. ఎస్ దశలో డీఎన్‌ఏ రెట్టింపవుతుందని ఒక వాక్యం చెప్పి క్రోమోజోముల బొమ్మలకు వెళ్ళిపోతున్నాం. మార్కులు బొమ్మలకే కాబట్టి అది సహజమే. ఇకమీద ఆ వాక్యం తర్వాత ఒక్క ప్రశ్న వేయండి: రెట్టింపయ్యాక మళ్ళీ ఎందుకు కాదు? పిల్లలను జవాబు వెతకనివ్వండి. ఉల్లివేరు పలకలో విభజనలో ఉన్న కణాలెన్ని, లేనివెన్ని అని లెక్కపెట్టిస్తే, కనిపించని దశలోనే ఎక్కువ కణాలు ఉన్నాయని వాళ్ళకే తెలుస్తుంది. డెన్వర్‌లో నరసింహారావు గారు రెండు కణాలను కలిపి అడిగింది దాదాపు ఇదే ప్రశ్న. పాతబస్తీ తరగతి గదిలో దాన్ని అడగడానికి ఒక ఉల్లిపాయ, కొంచెం రంగు, ఒక మైక్రోస్కోపు చాలు.